నీవెస్ మంద

పశువులకు చెవులు కుట్టే పండుగ రోజున ఆ కొండల మీద ఏ ఇంట్లోనూ ఏడవకూడదు. ఏడిస్తే మందకు అరిష్టమంటారు. ఈ నియమం పెట్టిన మహానుభావుడెవరో గానీ ఆయనకు బిడ్డ పోయి ఉండదు. వెంతూరా తెల్లవారగానే పొయ్యి ముందు కూర్చుని, పొగ నెపం పెట్టి, ఏడవాల్సిందేదో అక్కడే ఏడ్చేసింది.

"పొగ ఎక్కువైనట్టుందే కోడలా?" గుమ్మంలోంచి అత్తగారు మాక్సిమా అడిగింది.

"పిడకలు తడిగా ఉన్నాయత్తా."

"ఎండినవే. నేనే ఏరి తెచ్చా." ముసలావిడ లోపలికొచ్చి, పొయ్యి మీది బంగాళాదుంపల పులుసు తనే కలిపింది. "సరేలే, మొహం కడుక్కో. నా కొడుకు చూస్తే ఇంకోలా ఉంటుంది."

వంటగది మూలలో గినీపందులు గడ్డి కోసం కీచుకీచుమంటున్నాయి. నిరుడు ఈపాటికి వాటికి గడ్డి వెయ్యడం నీవెస్ పని. ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టుకునేది. కూరలోకి ఏది పోయిందో ఇట్టే కనిపెట్టి, ఆ పూట తిండి మానేసేది. "దీన్ని ఎవడికిచ్చి చేస్తామో గానీ వాడి కొంపలో గడ్డే వండుకోవాలి" అని మాక్సిమా వేళాకోళమాడేది. నీవెస్ పోయి ఆరు నెలలైంది. ఆరేళ్ళ పిల్ల, అక్కడ చలికాలమైన ఆగస్టు మంచులో, రెండు రోజుల జ్వరంతో పోయింది. గినీపందులకు ఇప్పుడు పేర్లు లేవు.

వెంతూరా దుఃఖం బిడ్డ పోయిన ఏ తల్లికైనా ఉండేదే. కానీ దానికింద ఇంకొకటి ఉంది. అది తనొక్కతే మోస్తోంది.

ఆ కొండల్లో పిల్లలకు రెండో ఏట పుట్టువెంట్రుకలు తీస్తారు. చుట్టాలు ఒక్కొక్కరూ ఒక్కో కుచ్చు కత్తిరించి, ఒక్కో కానుక పెడతారు. నీవెస్‌కు మేనత్త పెట్టిన కానుక ఒక తెల్లటి ఆడ ఆల్పాకా పిల్ల, పొడుగుమెడ గొర్రెలాంటి పశువు. ఒళ్ళంతా తెల్లటి ఉన్ని, నుదుట చిన్న బూడిదరంగు మచ్చ. దానికి చాస్కా అని పేరు పెట్టారు, అంటే వేగుచుక్క. అలా పిల్లకు పెట్టిన పశువు పిల్లదే. దాని సంతానమూ పిల్లదే. దాని చెవికి పిల్ల రంగు ఉన్ని కుచ్చు కడతారు. వెంతూరా మొగుడు ఇసిద్రోది ఎరుపు, వెంతూరాది ఆకుపచ్చ, మాక్సిమాది నీలం. నీవెస్‌ది పసుపు. ఆ పసుపు కుచ్చున్న పశువును అమ్మాలన్నా, కొయ్యాలన్నా, ఎవరికైనా ఇవ్వాలన్నా ముందు పిల్లనడగాలి. పాలు మరిచిన పిల్లయినా సరే, అడగాలి. అడక్కుండా తోలిన ఇంట్లో మంద తరిగిపోతుందని అక్కడి వాళ్ళ నమ్మకం.

వెంతూరా పక్కలోయ పిల్ల. వాళ్ళ పుట్టింట్లో ఇంత పట్టింపు లేదు. నీవెస్ పోవడానికి ముందు ఏడాది, ఉన్ని వ్యాపారి వచ్చినప్పుడు, చాస్కాకు పుట్టిన మగపిల్లను ఒక అల్యూమినియం బానకీ పిండి బస్తాకీ ఇచ్చేసింది. నీవెస్ రెండు రోజులు తినలేదు. ఇసిద్రో మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు మాట్లాడాడు గానీ, మాట్లాడకపోయుంటేనే బాగుండేది.

"దొంగతనానికి ఇంట్లోనే మనిషుంటే కుక్కలెందుకే మనకి?" అన్నాడు.

అత్తగారు మొక్కులకు వాడే కోకా ఆకులు పరిచి, వెంతూరాను కొండల వైపు తిప్పి కూర్చోబెట్టి, పిల్ల నెత్తిన చెయ్యి పెట్టించి ప్రమాణం చేయించింది. ఇంకెప్పుడూ పిల్ల మాట లేకుండా పిల్ల పశువును తోలనని. నీవెస్ ఎంతో పెద్దరికంగా తలాడించి, "సరే అమ్మా, ఈసారికి వదిలేస్తున్నా" అంది. అందరూ పడిపడి నవ్వారు, వెంతూరాతో సహా.

ఆ ప్రమాణాన్ని ఆమె నిలబెట్టుకుంది. అదే ఆమె చేసిన తప్పు.

ఆగస్టులో ఇసిద్రో కొండ అవతల తమ్ముడింటికి పైకప్పు గడ్డి వెయ్యడానికి వెళ్ళాడు. మాక్సిమా మందను తోలుకుని పైమేతలో గుడిసె దగ్గర ఉంది, అక్కడికి సగం రోజు నడక. ఇంటి దగ్గర మిగిలినవి పసుపు కుచ్చులవి మూడే. చలికి చాస్కాను పైకి పంపనని నీవెస్ మొండికేసి ఆపుకుంది. బుధవారం పొద్దున్నే పిల్లకు జ్వరం. మధ్యాహ్నానికి ఊపిరి గురగురమంది. వెంతూరా దారిలో పోయే ఉప్పు బేరగాడిచేత మొగుడికి కబురు పంపి, పరుగున కిందికి పోయి సిరిలోను పిలుచుకొచ్చింది. ఆ చుట్టుపక్కల ట్రక్కున్నవాడు సిరిలో ఒక్కడే.

అతను వచ్చాడు. ఇంటి ముందు దాకా ట్రక్కు తెచ్చాడు.

"పట్నం ఆస్పత్రికి పోదాం చెల్లెమ్మా. కానీ బండిలో డీజిల్ లేదు. కింద దుకాణంలో నాకు అరువు పుట్టదు, నా మొహం చూస్తేనే తలుపేస్తారు. ఆ తెల్లదాన్ని ఎక్కించు. అక్కడ దాన్ని దింపి, డీజిల్ పోయించుకుని పోదాం" అన్నాడు.

వెంతూరా లోపలికి పోయి, దుప్పట్లలో కాలిపోతున్న పిల్లనడిగింది. ఆరేళ్ళ పిల్లను అడిగింది. పిల్ల ఒద్దంది. ఎందుకొద్దో కూడా చెప్పింది. ఆ ఎందుకన్నది వెంతూరా ఆ తర్వాత ఒంటరిగా ఉన్నప్పుడు కూడా పైకి అనుకోలేదు.

"రేపు ఆయనొస్తాడు. అప్పుడు చూద్దాం, అన్నా" అని సిరిలోను పంపేసింది. గురువారం తెల్లవారేసరికి పిల్ల పెదాలు నీలమయ్యాయి. ప్రమాణమూ వద్దు, చాస్కా వద్దు, మొత్తం మంద పోయినా సరే అనుకుంటూ కిందికి పరిగెత్తింది. అప్పటికే సిరిలో ఎవరి బంగాళాదుంపలో ఎక్కించుకుని సంతకు పోయాడు. మధ్యాహ్నం దాటాక నీవెస్ పోయింది. పొద్దు గూకేవేళకు ఇసిద్రో వచ్చాడు.

వచ్చిన మనిషి అడిగిన మొదటి మాట, "సిరిలో రాలేదా?"

"రాలేదు" అంది.

ఒక్క మాట. దాంతో సిరిలో బతుకు బండలైంది. పిల్ల చస్తుంటే బండి తియ్యనివాడని ఊరంతా ఉమ్మేసింది. అతని ట్రక్కు ఎక్కడం మానేశారు. సెప్టెంబరులో ఇసిద్రో వడిసెల రాయితో దాని అద్దం పగలగొట్టాడు. సిరిలో ఒక్కసారైనా నోరు విప్పి నిజం చెప్పలేదు. వెంతూరా మాత్రం అతను ఎదురుపడితే దారి మార్చుకునేది. ఈ మాట ఏనాటికైనా మొగుడికి తెలుస్తుందనీ, తెలిసిన రోజున తను ఆ ఇంట్లో ఉండలేననీ ఆమెకు తెలుసు. రోజూ పొద్దున్నే, ఇవాళ చెప్పేస్తాననుకునేది. రోజూ ఏదో పని అడ్డుపడేది. చెప్పకూడదనుకున్న మనిషికి పనికేం తక్కువ?

పొద్దు బాగా ఎక్కాక ముగ్గురూ రాతిదొడ్డిలోకి మందను తోలారు. మాక్సిమా నేల మీద కంబళి పరిచి, కోకా ఆకులు పెట్టి, మొక్కజొన్న కల్లు భూమితల్లికి కాస్త, తన గొంతుకి కాస్త ఎక్కువ పోసింది. ఇసిద్రో ఒక్కో ఆల్పాకానూ మెడ పట్టి తెస్తాడు. వెంతూరా కాళ్ళు పట్టుకుంటుంది. ముసలావిడ దబ్బనంతో చెవికి ఉన్ని కుట్టి, పశువుకీ మనుషులకీ చెంపలకు పండుగ పిండి రాస్తుంది.

"ఈ పోతు అచ్చం మీ మామ పోలిక" అంది మాక్సిమా ఒక పెద్ద గోధుమరంగు దాని చెవి పట్టుకుని. "తిండికి ముందు, పనికి వెనక. చూడు, ఉమ్మడం కూడా ఆయనలాగే."

అది నిజంగానే ఇసిద్రో మొహాన ఉమ్మింది. అతను తిట్టుకుంటూ తుడుచుకుంటే ముసలావిడ కిసుక్కున నవ్వింది. వెంతూరా కూడా నవ్వింది. నవ్వినందుకు వెంటనే గుండెలో గుచ్చుకుంది.

ఎరుపు, నీలం, ఆకుపచ్చ అయ్యాయి. మిగిలింది ఒక్కటే. జనవరిలో చాస్కా ఈనిన పిల్ల. తల్లిలా తెలుపు, చెవులు మాత్రం గోధుమరంగు. చాస్కా దాన్ని ఆనుకుని నిలబడి, ముగ్గురినీ అనుమానంగా చూస్తోంది. మాక్సిమా దబ్బనం పట్టుకుని ఆగింది.

"ఆకుపచ్చ పెడతానురా. పోయినవాళ్ళ పేర పశువును పెంచితే అది వాళ్ళ వెంటే పోతుంది. నా మాట విను."

"పసుపే పెట్టు" అన్నాడు ఇసిద్రో.

"ఒరేయ్..."

"పసుపే పెట్టమ్మా. నా కూతురికి మంద ఉంది. ఉంటుంది."

అప్పుడే దొడ్డి గుమ్మం దగ్గర ఎవరో దగ్గారు. సిరిలో. ఒక చేతిలో టోపీ, ఇంకో చేతిలో కోకా ఆకుల సంచి. చెంపలకు పండుగ పిండి లేదు. అంటే ఆ రోజు అతన్ని ఏ ఇంటివాళ్ళూ లోపలికి పిలవలేదన్నమాట. పండుగనాడు గుమ్మంలోకొచ్చినవాణ్ణి కాదనకూడదు. అందుకే ఆ రోజు చూసుకుని వచ్చినట్టున్నాడు.

ఇసిద్రో నడుముకు చుట్టుకున్న వడిసెల విప్పి, వంగి రాయి తీసుకున్నాడు.

"కొట్టు ఇసిద్రో" అన్నాడు సిరిలో కదలకుండా. "ఆర్నెల్లుగా కొడుతూనే ఉన్నారుగా అందరూ. నా పెళ్ళాం నీళ్ళకెళ్తే కూడా పక్కకి జరుగుతున్నారు. నేను తగువుకి రాలేదు. చెల్లెమ్మతో ఒక్క మాట చెప్పి పోదామని వచ్చా."

"నా పెళ్ళాంతో నీకు మాటలేంట్రా? పిల్ల ఊపిరాడక కొట్టుకుంటుంటే బండి తియ్యని వెధవవి!"

సిరిలో వెంతూరా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. అలసిపోయిన మనిషి చూపు అది. చెల్లెమ్మా, నాకిక ఓపిక లేదు అన్నట్టుంది. అతను అప్పటికీ చెప్పలేదు. ఇసిద్రో చెయ్యి పైకి లేచింది, వడిసెల గిర్రున తిరిగింది.

"వచ్చాడు!" అని అరిచింది వెంతూరా.

వడిసెల తిరుగుతూనే ఉంది.

"ఆరోజు ఆయన వచ్చాడయ్యా. బండి మనింటి ముందు దాకా తెచ్చాడు. నేనే పంపేశా."

రాయి ఎటో పోయి గోడకు తగిలింది. మంద బెదిరి ఒక మూలకు చేరింది. వెంతూరా ఇక ఆగకుండా, ఆగితే మళ్ళీ చెప్పలేనన్న భయంతో, అంతా చెప్పేసింది. డీజిల్ సంగతి, చాస్కాను అడిగిన సంగతి, తను లోపలికి పోయి పిల్లనడిగిన సంగతి, పిల్ల ఒద్దన్న సంగతి.

ఇసిద్రో వడిసెల కింద పడేశాడు. "పిల్లనడిగావా?" అన్నాడు. "జ్వరంతో కాలిపోతున్న ఆరేళ్ళ పిల్లని, నీ పశువును ఇవ్వమంటావా అని అడిగావా? నీకు బుర్రుందటే?"

"అడక్కుండా ఇస్తే నువ్వూరుకునేవాడివా?" ఆమె అతని ముందుకొచ్చి నిలబడింది. "ఆ మగపిల్లను ఇచ్చినప్పుడు నన్ను దొంగన్నావు. అందరి ముందూ నీవెస్ నెత్తిన చెయ్యి పెట్టించి ఒట్టు వేయించారు. ఒట్టు తప్పితే పిల్లకే తగులుతుందేమోనని భయపడ్డానయ్యా! అప్పుడు నాకు ఇంకేం తెలియలేదు."

మాక్సిమా దబ్బనం పట్టుకుని అలాగే కూర్చుంది. ప్రమాణం చేయించిన చేతులవి. ఆవిడ వాటిని ఒళ్ళో పెట్టుకుని కొంగు కప్పేసింది.

ఇసిద్రో విసురుగా పోయి చాస్కా మెడకు తాడు వేశాడు. అది కాళ్ళు తన్నిపెట్టి మొరాయించింది. ఈడ్చుకొచ్చి, తాడు కొస సిరిలో చేతిలో కుక్కాడు.

"తీసుకుపో. అప్పుడు కావాలన్నావుగా. తీసుకుపోయి డీజిలే పోయించుకుంటావో, అద్దమే వేయించుకుంటావో నీ ఇష్టం. ఇది నా కళ్ళ ముందు ఉండకూడదు."

"ఇప్పుడు నాకెందుకయ్యా ఇది?" అన్నాడు సిరిలో, కళ్ళు తుడుచుకుంటూ.

"ఇవ్వకు!" వెంతూరా వచ్చి తాడు పట్టుకుంది. "అది నీవెస్‌ది. దాన్ని అడక్కుండా ఎలా ఇస్తావు?"

"ఎవర్ని అడగనే?"

ఇసిద్రో ఆ మాట గట్టిగానే మొదలుపెట్టాడు. చివరికొచ్చేసరికి అది మామూలు ప్రశ్నయింది. నిజంగా ఎవరైనా చెబితే పోయి అడిగొచ్చేవాడిలా, ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూశాడు.  తల్లి కనబడక పిల్ల ఆల్పాకా సన్నగా మూలిగింది. సిరిలో తాడు వదిలేశాడు. చాస్కా తాడు ఈడ్చుకుంటూ పిల్ల దగ్గరకు పోయింది.

ఇంటికి దూలాలెత్తినవాడు, మంచులో పోతులను భుజాన మోసినవాడు, ఇసిద్రో అప్పుడు చాలా చిన్నగా కనిపించాడు. పెళ్ళాం దగ్గరకొచ్చాడు. కొడతాడనుకుంది. కొట్టినా బాగుండుననుకుంది. అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"దాని మాటలేంటి?" అన్నాడు మెల్లగా. "ఒద్దంది సరే. ఎలా అంది? అది ఏది అన్నా దానికో కారణం చెప్పేదిగా. ఏం చెప్పింది?"

"ఒద్దంది. అంతే."

"వెంతూరా."

"జ్వరంలో ఉంది. ఏదో అంది."

"దాని మాట నాకు ఇంకొక్కటి కూడా మిగల్లేదే" అన్నాడు. "ఉన్నది చెప్పు. తిట్టను. కొట్టను. దాని గొంతుతో ఎలా అందో అలా చెప్పు."

అబద్ధమాడదామనుకుంది. ఆగస్టులో ఒక్క ముక్క ఎంత తేలిగ్గా నోటికొచ్చింది! ఇప్పుడు ఎంత వెతికినా రాలేదు. ఆర్నెల్లపాటు ఒక మంచివాడి చేత నింద మోయించింది. తన తప్పు దాచుకోవడానికే అయితే ఏనాడో కాళ్ళ మీద పడి చెప్పేసేది. ఆమె దాచింది దీన్ని.

"'చాస్కాను ఇవ్వద్దమ్మా' అంది. 'ఎందుకివ్వడం? నాన్నకి కబురు పంపావుగా. నాన్న పొద్దున్నకల్లా వచ్చేస్తాడు. నేను నాన్న వీపెక్కి పోతా' అంది."

కబురు ఇసిద్రోకు బుధవారం సాయంత్రమే అందింది. అది ఆ దొడ్డిలో ఉన్న నలుగురికీ తెలుసు. కప్పు పని ఆ సాయంత్రమే అయిపోయింది, ఆనవాయితీగా కప్పు మీద శిలువ నిలబెట్టారు, తమ్ముడు కల్లు కుండలు తెరిచాడు. పిల్లలకు జ్వరాలు రాకపోతే ఎవరికొస్తాయన్నారు ఎవరో. తెల్లవారి లేచేసరికి తల బరువుగా ఉంటే, ఇంకో గిన్నె తాగి, పొద్దు నడినెత్తికొచ్చాక కొండెక్కాడు.

అతను ఆమె చెయ్యి వదల్లేదు. 

"చూసిందా?" అన్నాడు. "నా కోసం చూసిందా?"

"చూసింది. తలుపు మూస్తే ఒప్పుకోలేదు. చలేస్తుందన్నా తెరిచే ఉంచమంది."

"ఎందాకా?"

వెంతూరా అతని మొహంలోకి చూడలేకపోయింది. "మధ్యాహ్నం దాకా" అంది.

మాక్సిమా కంబళి మడిచి చంకన పెట్టుకుంది. పసుపు ఉన్ని ఉండ కింద పడితే సిరిలో వంగి తీసి ఆవిడ చేతికిచ్చాడు. ఆ రోజు ఆ పిల్ల ఆల్పాకాకు ఏ రంగూ కుట్టలేదు.